ఏ పనీ చేయని నాబ్

నా గదికి వచ్చేవాళ్ళందరికీ ఒకటే జబ్బు. "నాది కొంచెం పెంచు." డ్రమ్ములవాడు డ్రమ్ములు పెంచమంటాడు, బేస్ గిటారువాడు బేస్ పెంచమంటాడు, పాడినవాడు మిగతా అందరినీ తగ్గించమంటాడు. అందరివీ పెంచితే ఎవరిదీ పెంచనట్టే అని చెప్పి చెప్పి నా నోరు అరిగిపోయింది. అందుకే నేనొక ఉపాయం చేశాను. నా బల్ల మీద నాబ్‌లున్న చిన్న పెట్టె ఒకటి ఉంటుంది. అందులో ఒక్కో నాబ్ కంప్యూటర్లోని ఒక్కో ఎఫెక్ట్‌ను కదిలిస్తుంది. ఒకటి ఎకో పెంచుతుంది, ఒకటి గొంతుకి నునుపు తెస్తుంది, అలా. చివరి నాబ్‌ను మాత్రం దేనికీ తగిలించను. దాన్ని ఎంత తిప్పినా పాటకి చీమ కుట్టినట్టయినా ఉండదు. వచ్చినవాడి ముందుకు ఆ పెట్టె జరిపి, "ఇది మీకోసమే, నచ్చినట్టు తిప్పుకోండి" అంటాను. అతను నుదురు ముడుచుకుని, తల పక్కకి వంచి, వెంట్రుకవాసి ఇటు, వెంట్రుకవాసి అటు తిప్పి, "ఆఁ, ఇప్పుడు కుదిరింది" అంటాడు.

ఈ ఊళ్ళో నాలాంటి పని చేసేవాళ్ళందరి దగ్గరా ఇలాంటి నాబ్ ఒకటి ఉంటుంది. ఎవరూ పైకి చెప్పరు. దీని పుణ్యాన విడిపోకుండా బతికిపోయిన బ్యాండులు ఎన్నో.

నా గది శాన్ ఆంటోనియో పడమటి పేటలో, మా లిబ్రాదో బాబాయ్ టైర్ల షాపు వెనక ఉంది. రికార్డింగ్ జరిగేటప్పుడు గుమ్మం మీద ఎర్ర లైటు వెలుగుతుంది. అది వెలిగినంతసేపూ బాబాయ్ షాపులో నట్లు విప్పే గాలి మిషన్ ఆపాలని ఒప్పందం. ఆపడు. నా దగ్గర తయారైన ప్రేమ పాటల్ని చెవులు రిక్కించి వింటే సగంలో ఎక్కడో ఒక లారీ చక్రం ఊడుతూ ఉంటుంది.

బాబాయ్ వారమంతా టైర్లు మారుస్తాడు, ఆదివారం మధ్యాహ్నాలు డాన్సు హాళ్ళలో బాహో సెస్తో వాయిస్తాడు. అది పన్నెండు తీగల వాయిద్యం, గిటారుకి పెద్దన్నయ్య అనుకోండి. పక్కన అకార్డియన్ పట్టుకునేది మా అనిసేతో మామయ్య, మా అమ్మకి అన్న. బాబాయ్ చేసుకున్నది మామయ్య ఆఖరి చెల్లెలు ఒరాలియా పిన్నిని. బావలు కాకముందు నుంచే ఇద్దరూ కలిసి వాయించేవాళ్ళు. పాడేటప్పుడు పై గొంతు మామయ్యది, కింది గొంతు బాబాయ్‌ది. మా పేటలో వీళ్ళ పోల్కాకి అడుగులెయ్యకుండా పెళ్ళయిన జంట ఉందంటే, ఆ జంట ఎవరికీ చెప్పకుండా కోర్టులో సంతకాలు పెట్టుకుని ఉండాలి.

అలాంటివాళ్ళు ఇన్నేళ్ళకి ఒక రికార్డు చేద్దామని నా దగ్గరికి వచ్చారు. వాయించడం, పాడటం అయిపోయాయి. ఇక మిగిలింది నా పని: ఒక్కో ట్రాక్‌కీ కావలసిన ఎఫెక్టులు పెట్టి, అన్నిటినీ కలిపి, వినేవాడికి ఒకే పాటగా అందించడం.

అసలు చిక్కు వేరే ఉంది. ఏడాదిగా బాబాయ్ వరస మారిపోయింది. స్టేజీ మీద తన ఆంప్లిఫయర్ పెంచేసుకుంటున్నాడు. చరణం ముగిసిందని మామయ్య గొంతు తగ్గించినా పట్టించుకోకుండా ఇంకో చుట్టు వాయించేస్తున్నాడు. అన్నిటికీ మించి, మామయ్య అకార్డియన్ మూగబోయిందని నలుగురిలో అంటున్నాడు. మామయ్య రోషం కొద్దీ దాన్ని విప్పించి, లోపలి రేకులన్నీ శ్రుతి చేయించాడు. "అయినా దుప్పటి కప్పినట్టే ఉంది బావా" అనేశాడు బాబాయ్. అకార్డియన్ వాయించేవాణ్ణి అంతకంటే తిట్టాల్సిన పని లేదు.

ఆ గురువారం మామయ్య ఒక్కడే వచ్చాడు. బాబాయ్ టైర్లు తేవడానికి ట్రక్కు వేసుకుని వెళ్ళడం చూసుకుని మరీ వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. నేల మీద పడి ఉన్న నా వైరు ఒకటి తీసి చుట్ట చుట్టడం మొదలుపెట్టాడు.

"ఈ రికార్డు తొందరగా ముగించెయ్యవే నెల్డా."

"ఏం, ఎక్కడికైనా ప్రయాణమా మామయ్యా?"

"రాబ్స్‌టౌన్‌లో ఒక కుర్రాడున్నాడు. బాహో బాగా వాయిస్తాడు. మాట్లాడి పెట్టా. రికార్డు అయిపోయాక ఇక వాడితోనే."

"మరి బాబాయో?" అన్నాను.

"మీ బాబాయ్‌కి నాతో పని లేదే ఇప్పుడు. ఆయన చప్పుడు ఆయనకి చాలు. పక్కన నేను ఉన్నానో ఊడానో కూడా పట్టదు. కాలితో తాళం వేస్తా, గొంతు దించుతా, మోచేత్తో పొడుస్తా. రాయికి చెప్పుకున్నట్టే."

"ఎదురుగా కూర్చుని అడగొచ్చు కదా."

"అడిగా. నీ అకార్డియన్ పెట్టె పాతదైపోయింది, కొత్తది కొనుక్కో అన్నాడు. మా నాన్న నా చేతికిచ్చిన పెట్టెని." మామయ్య చుట్టిన వైరుని విప్పి మళ్ళీ చుట్టసాగాడు. "మీ పిన్నితో అనకు. తెలిసిందంటే ఇక ఆదివారాలు నాకు బార్బకోవా మాంసం పెట్టదు."

హాస్యానికి అన్నాడు గానీ మొహంలో హాస్యం లేదు. ఆయన వెళ్ళాక నాకు ఒళ్ళు మండిపోయింది. వాళ్ళ పాట వింటూ పెరిగినదాన్ని. రెండు గొంతుల్నీ విడదీసి రెండు ట్రాకుల్లో పెట్టేదాన్నీ నేనే, తిరిగి కలిపేదాన్నీ నేనే. నేను కలిపి ఇచ్చిన మరునాడు వీళ్ళు విడిపోతారంటే నాకు మింగుడుపడలేదు.

శనివారం పొద్దున్నే ఇద్దరూ వచ్చారు. వెనకే పిన్ని, గుడ్లూ బీన్సూ పెట్టిన టాకోల పొట్లంతో వచ్చింది. పిన్ని వెనక ఆవిడ కుక్క ఫ్రిహోల్ వచ్చి నా బల్ల కింద పడుకుంది. బావలిద్దరూ సోఫాకి ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు కూర్చున్నారు. మధ్యలో పిన్ని కూర్చుంది, సరిహద్దు కాపలా కాస్తున్నట్టు.

మొదటి పాటతోనే గొడవ మొదలైంది. మా పాటల్లో వాయిద్యం మంచి ఊపు మీద ఉన్నప్పుడు పాడేవాడు గొంతెత్తి ఒక కేక వేస్తాడు. ఆ కేక లేకపోతే జనం డబ్బులు వెనక్కి అడుగుతారు. మామయ్యకి ఆ కేక మీద ఎకో కావాలి.

"ఇంకా పెట్టవే. కేక వేస్తే కొండల్లో తిరిగి రావాలి."

"ఇక్కడ కొండలెక్కడున్నాయి మామయ్యా?"

"అందుకేగా నిన్ను పెట్టమంటోంది."

పెట్టాను. బాబాయ్ విని పెదవి విరిచాడు. "బావిలో పడ్డవాడు నిచ్చెన వెయ్యమని అరుస్తున్నట్టుంది."

"నువ్వు అరిచినా ఎవరూ నిచ్చెన వెయ్యరులే," అన్నాడు మామయ్య.

"తినేటప్పుడైనా నోళ్ళు మూసుకోండి," అంది పిన్ని, ఇద్దరికీ చెరో టాకో అందిస్తూ.

ఎకోని సగానికి తగ్గించాను. కేక మొదలయ్యే చోట మాత్రమే అది విచ్చుకుని, అకార్డియన్ అందుకోగానే అణిగిపోయేట్టు సర్దాను. ఇద్దరూ ఏమీ అనలేదు. మా వృత్తిలో ఎవరూ ఏమీ అనకపోవడమే పెద్ద బహుమతి.

ఆ తర్వాత బాబాయ్ అందుకున్నాడు. "బాహో సరే. గొంతులు సరే. ఆ అకార్డియనే నెల్డా. పదును లేదు. గోడ అవతల ఎవరో వాయిస్తున్నట్టుంది."

మామయ్య సోఫా చేతిని గట్టిగా పట్టుకున్నాడు. నేను గబగబా నాబ్‌ల పెట్టెని బాబాయ్ ఒళ్ళో పెట్టాను. "ఇదిగో బాబాయ్, చివరిది. అకార్డియన్ పదును నీ చేతిలోనే ఉంది."

బాబాయ్ తిప్పాడు. కాస్త ఆగి ఇంకాస్త తిప్పాడు. "పర్లేదు," అన్నాడు చివరికి, పస లేని కూర తిన్నవాడిలా. మామయ్య నా వంక చూశాడు. ఆ నాబ్ సంగతి ఆయనకి తెలుసు. ఒకప్పుడు ఆయన చేత కూడా తిప్పించాను. రెండో పాటకీ ఇదే జరిగింది. ఇలాగే సాయంత్రానికి గట్టెక్కేస్తాం అనుకున్నాను.

మూడో పాట తెరిచాను. అదొక పోల్కా, అకార్డియన్ తప్ప ఇంకేదీ గుర్తుండనంత హుషారైన పోల్కా. బాబాయ్ నేను చెప్పకముందే నాబ్ మీద చెయ్యి వేశాడు. పాట మొదలైంది. అకార్డియన్ కొంచెం పదునెక్కినట్టు అనిపించింది. నా చెవుల భ్రమ అనుకున్నాను. బాబాయ్ ఇంకా తిప్పాడు. ఇప్పుడు భ్రమ కాదు. ఒక్కో స్వరం సూదిలా వచ్చి గుచ్చుకుంటోంది. ఫ్రిహోల్ బల్ల కింద నుంచి లేచి, సందుగా ఉన్న తలుపుని ముక్కుతో తోసుకుని వీధిలోకి పోయింది. పిన్ని చేతిలో టాకో ఒళ్ళో పడింది, రెండు చేతులూ చెవుల మీదకి పోయాయి. బాబాయ్ ఇంకా తిప్పుతూనే ఉన్నాడు.

స్క్రీన్ వంక చూశాను. అకార్డియన్ ట్రాక్ మీది ట్రెబుల్ గీత, అంటే సన్న స్వరాల పదును చూపేది, బాబాయ్ చేతితో పాటు పైకి పోతోంది. తప్పు నాదే. కొత్త పాటకి ఎఫెక్టులన్నీ మొదటి నుంచి పేర్చుకునే ఓపిక లేక, వేరే బ్యాండు పాట ఫైలుకి నకలు తీసి అందులో మా ట్రాకులు పోసేశాను. మా పనిలో అందరం చేసే బద్ధకపు పనే. ఆ నకల్లో చివరి నాబ్ ఖాళీగా లేదు, ట్రెబుల్‌కి తగిలించి ఉంది. నేను చూసుకోలేదు.

ఆపుదామని చెయ్యి చాపి, బాబాయ్ మొహం చూసి ఆగిపోయాను.

ఆయన కళ్ళు మూసుకుని నవ్వుతున్నాడు. పాదం పోల్కాకి అడుగేస్తోంది. ఏడాదిగా ఆ మొహంలో అంత వెలుగు నేను చూడలేదు.

"ఇదిగో. ఇదీ మా బావ అకార్డియన్ అంటే," అన్నాడు కళ్ళు తెరవకుండానే. "ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావు బావా దీన్ని?"

చెవులు మూసుకోబోతున్న మామయ్య చేతులు గాల్లోనే ఆగిపోయాయి. నేను పాట ఆపేశాను.

"ఏం, ఆపేశావేం?" అన్నాడు బాబాయ్.

"బాబాయ్, నీకు నిజంగా అది హాయిగా ఉందా?"

"హాయి కాకపోతే ఏంటి? ఏడాది తర్వాత ఇవాళే వింటున్నా."

పిన్ని ఒళ్ళోని టాకో తీసి పక్కన పెట్టింది. "లిబ్రాదో, పొద్దున మన ఓవెన్ కూసింది. నీకు వినబడిందా?"

"మన ఓవెన్ ఎప్పుడు కూసింది? కూయని ఓవెన్ అది."

"కొన్న రోజు నుంచీ కూస్తోంది," అంది పిన్ని. "లేవడానికి నీకు బద్ధకం అనుకుని తిడుతున్నా ఇన్నాళ్ళూ."

బాబాయ్ మా ముగ్గురి మొహాలూ చూశాడు. సన్నటి శబ్దాలు తన చెవిని చేరడం లేదన్న సంగతి ఆయనకి తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. లేచి, గోడకి ఆనించిన బాహో పెట్టె తెచ్చుకున్నాడు.

"సరే. గాలి మిషన్ పక్కన బతికేవాడికి చెవులెక్కడుంటాయిలే."

"ఎక్కడికి?" అంది పిన్ని.

"షాపుకి. టైర్లకి చెవులతో పనిలేదు." పెట్టెని చంకన పెట్టుకుని కోపంగా తలుపు వైపు నడిచాడు. "చెవుడొచ్చినవాణ్ణి ఏ హాలువాడు పిలుస్తాడు? బావకి మాత్రం నేనెందుకు, గుదిబండలా?"

మామయ్య నేల చూపులు చూస్తున్నాడు. రాబ్స్‌టౌన్ కుర్రాడు ఆయన మనసులో ఉన్నాడని నాకు తెలుసు. ఇప్పుడు ఆయన ఆ కుర్రాణ్ణి తెచ్చుకున్నా ఊళ్ళో ఎవరూ తప్పు పట్టరు. పాపం, చెవులు పోయాయిగా అంటారు. బాబాయ్ మళ్ళీ స్టేజీ ఎక్కడు. నాకు భయం వేసింది. భయం వేసినప్పుడు నాకు కోపం కూడా వస్తుంది.

"కూర్చో బాబాయ్," అన్నాను కసిరినట్టు. "లోకంలో అన్ని శబ్దాలూ వినేవాడు ఎవడూ లేడు. అందరి చెవులూ ఎక్కడో ఒకచోట ఆగిపోతాయి. నావీ ఆగిపోతాయి. చూపిస్తా కూర్చో."

ఆయన కూర్చోలేదు గానీ తలుపు దగ్గర ఆగాడు. కంప్యూటర్లో మాకు ఒక ఈల ఉంటుంది. స్పీకర్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోవడానికి వాడతాం. లావుగా మొదలుపెట్టి సన్నగా, ఇంకా సన్నగా, ఎంత పైకి కావాలంటే అంత పైకి తీసుకుపోవచ్చు.

"అందరూ చెయ్యెత్తండి. కళ్ళు మూసుకోండి. ఈల వినబడటం ఆగిపోగానే చెయ్యి దించెయ్యండి. నాకు ఆగిపోగానే నేనూ చెప్తా. మామయ్యా, కళ్ళు మూసుకోవాలి. డొమినోలాటలో నువ్వు చేసేవి ఇక్కడ చెయ్యకు."

"నేనేం చేస్తానే," అంటూ మామయ్య చెయ్యెత్తాడు. పిన్ని ఎత్తింది. బాబాయ్ బాహో పెట్టెని కింద పెట్టి, తలుపు దగ్గరి స్టూలు మీద కూర్చుని, అయిష్టంగా ఎత్తాడు.

ఈల మొదలుపెట్టాను. లావుపాటి హోరు నుంచి మెల్లగా పైకి జరిపాను. మూడు చేతులూ గాల్లో ఉన్నాయి. మనిషి గొంతు దాటాను, అకార్డియన్ కింది వరస దాటాను. బాబాయ్ చెయ్యి కదిలింది. కాస్త దిగి, మళ్ళీ లేచింది. ఆయన మెడ ముందుకు చాచి, పోతున్నదాన్ని పట్టుకోవాలన్నట్టు విన్నాడు. తర్వాత చెయ్యి మెల్లగా దిగి ఒళ్ళో వాలిపోయింది.

నేను మౌస్ మీద నుంచి వేలు తీసేశాను. ఈల అక్కడే నిలబడిపోయింది. నాకూ పిన్నికీ అది పళ్ళు జివ్వుమనే ఈల.

అప్పుడు మామయ్య ఒక కన్ను తెరిచాడు.

బాబాయ్ ఒళ్ళో ఉన్న చేతిని చూశాడు. కాసేపు అలాగే చూశాడు. ఆ ఈల ఆయన తలలో ఎలా గింగిరాలు తిరుగుతోందో నొసలు చూస్తేనే తెలుస్తోంది. ఆయన తన చెయ్యి దించేశాడు. దించి, మోకాలి మీద పెట్టుకుని, బుద్ధిమంతుడిలా తెరిచిన కన్ను మళ్ళీ మూసుకున్నాడు.

"ఇక కళ్ళు తెరవండి," అన్నాను.

బాబాయ్ ముందుగా పిన్ని చెయ్యి చూశాడు. అది ఇంకా పైనే ఉంది. ఆయన మొహం వాడిపోయింది. తర్వాత మామయ్య వైపు తిరిగాడు.

"నువ్వూనా బావా?"

"నేనూ అంతే."

"అబద్ధం."

"నీ ఆంప్లిఫయర్ పక్కన ఇన్నేళ్ళు నిలబడ్డవాడికి చెవులు మిగులుతాయనుకున్నావా?" అన్నాడు మామయ్య. "నువ్వు నన్ను తినేశావు, నీ గాలి మిషన్ నిన్ను తినేసింది."

బాబాయ్‌కి నవ్వు రాబోయింది, ఆపుకున్నాడు. "ఇప్పుడేం చేద్దాం మరి?"

"సోమవారం చెవుల డాక్టరు దగ్గరికి పోదాం. నువ్వు రావాలి. ఒక్కడినే వెళ్ళాలంటే నాకు సిగ్గు."

"మిషన్లు పెడతారు బావా చెవుల్లో. హాల్లో అందరూ చూస్తారు."

"చూడనీ. ఇద్దరికీ ఒకే రంగువి పెట్టమందాం. పాటలకి ఒకే రంగు చొక్కాలు వేసుకుంటున్నాంగా." మామయ్య లేచి వెళ్ళి, నేల మీది బాహో పెట్టె తీసుకొచ్చి సోఫా మీద, తన పక్కనే పెట్టాడు. "అందాకా ఇద్దరం చెవిటివాళ్ళమే. మంచిదేలే. ఎవడి తప్పు ఎవడికీ తెలియదు."

ఈసారి బాబాయ్ పగలబడి నవ్వాడు. నవ్వుతూనే మొహం అటు తిప్పుకుని అరచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. వచ్చి బాహో పెట్టెకి ఆ పక్కన కూర్చున్నాడు. పిన్ని చెయ్యి దించడం మరిచిపోయి అన్నయ్యనే చూస్తోంది. అన్నయ్య అబద్ధం ఆవిడకి తెలిసిపోయిందని నాకు అర్థమైంది. ఇక రాబ్స్‌టౌన్ కుర్రాడు ఇంకో బ్యాండు చూసుకోవాల్సిందే. నాకు ఎంత సంతోషం కలిగిందంటే, ఈల ఇంకా మోగుతూనే ఉందన్న సంగతే మరిచిపోయాను. మామయ్య కణతల దగ్గర నరం కొట్టుకోవడం చూసి గుర్తొచ్చింది.

"ఆపెయ్యనా?" అన్నాను.

"దేన్ని?" అన్నాడు బాబాయ్, నిజంగానే తెలియక.

"అదేగా," అన్నాడు మామయ్య పళ్ళు బిగబట్టి, "దేన్ని?"